11–3 ఓటు: బిగ్ టెన్ సీజన్‌ను ఆపింది రాజకీయమా?

పీడీలకు, అంటే కాలేజీ ఫిజికల్ డైరెక్టర్లకు, ప్రిన్సిపాళ్లకు నేను చెప్పే శిక్షణ తరగతుల్లో ఈ కేసు తప్పకుండా ఉంటుంది. మొదట్లోనే ఒక ప్రశ్న వేసి చేతులెత్తమంటాను. "2020 ఆగస్టులో, అధ్యక్ష ఎన్నికలు మూడు నెలలు కూడా లేవనగా, అమెరికాలో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ అనే యూనివర్సిటీల కూటమి తన కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను ఆపేసింది. అయిదు వారాల తర్వాత మళ్లీ ఆడిస్తామంది. ఇందులో రాజకీయం ఉందా?" దాదాపు అన్ని చేతులూ లేస్తాయి. "సరే, ఎక్కడుందో చూపించండి. ఆపినప్పుడా, మళ్లీ మొదలుపెట్టినప్పుడా? ఎవరు, ఏ రోజున, ఎవరి మనసు మార్చారు?" అంటే గదిలో ఒక్కరూ మాట్లాడరు.

ఈ ప్రశ్న నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. 2020 మార్చిలో నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. మా వాలీబాల్ టీమ్‌లో ఫైనలియర్ కుర్రాడొకడు ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్నాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఆ కాగితం ఎంత ముఖ్యమో మన దగ్గర ఆటలు ఆడిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. అన్నీ ఆగిపోయాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ మేలో వైన్ షాపులు తెరిచాక వాడు ఫోన్ చేసి, "సార్, వాటికి పర్మిషన్ ఇచ్చారు, మన గ్రౌండ్‌కి ఎందుకివ్వరు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆదేశం కాగితం మీద వచ్చింది, కారణం రాలేదు. ఒక సీజన్ రద్దవడం పిల్లలకు ఎంత నష్టమో, ఎందుకు రద్దయిందో తెలియకపోవడం కూడా అంతే నష్టమని నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి ఎక్కడ సీజన్ ఆగినా, ఆపింది ఎవరు, ఏ ఆధారంతో ఆపారు అని వెతకడం అలవాటైంది. బిగ్ టెన్ కేసులో కాగితాలు చాలావరకు బయటపడ్డాయి. అందుకే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కేసు నాకు దొరకలేదు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. బిగ్ టెన్ అనేది పేరుకే పది, అప్పటికి అందులో 14 యూనివర్సిటీలున్నాయి. అవి నెబ్రాస్కా నుంచి న్యూజెర్సీ దాకా 11 రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్, విస్కాన్సిన్, పర్డ్యూ లాంటి పేర్లు మన ఇళ్లలో కొత్తవి కావు. ఎమ్మెస్ కోసం వెళ్లిన పిల్లలు ఆ ఊళ్లలోనే ఉంటారు.

ఆ దేశంలో కాలేజీ ఆటలకు ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ ఉంది. 2020 మార్చి 12న బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్లను రద్దు చేసింది అదే. అయితే పై స్థాయి ఫుట్‌బాల్ సీజన్‌ను ఆపే అధికారం దానికి లేదు. ఆ స్థాయిలో ఎవరి కాన్ఫరెన్స్ వారిది. బిగ్ టెన్‌లో ఆఖరి మాట 14 మంది ప్రెసిడెంట్లు, చాన్సలర్లది. వీళ్లు మన వైస్ చాన్సలర్ల లాంటివాళ్లు. కమిషనర్ వాళ్ల నిర్ణయాన్ని అమలు చేస్తాడు. అప్పటి కమిషనర్ కెవిన్ వారెన్ ఆ పదవిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంకో మాట: అక్కడి గవర్నర్లు ఎన్నికల్లో గెలిచి వస్తారు, మన ముఖ్యమంత్రులతో సమానం. ఈ ఒక్క సంగతి మొదట్లో చెప్పకపోతే తరగతిలో అంతా గందరగోళమవుతుంది.

దేశం మొత్తానికి ఒకే నిర్ణయం చెప్పే చోటు లేకపోవడం ఈ కేసులో మొదటి లోపం. ఒకే వైరస్ మీద పది పెద్ద కాన్ఫరెన్సులు వేర్వేరుగా కూర్చుని వేర్వేరు జవాబులు చెప్పాయి. జవాబులు వేరుగా ఉన్నప్పుడు తేడాకు కారణం ఏమిటని జనం అడుగుతారు. ఎన్నికల ఏడాదిలో ఆ కారణం రాజకీయంగానే కనిపిస్తుంది.

ఆ ఆరు రోజులు

ఆగస్టు 5న బిగ్ టెన్ కొత్త షెడ్యూల్ విడుదల చేసింది. బయటివాళ్లతో ఆటలు లేవు, ఒక్కో టీమ్‌కు 10 మ్యాచ్‌లు. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 11న, శరదృతువు ఆటలన్నిటినీ వాయిదా వేస్తున్నట్టు ప్రకటించింది. అదే రోజు పశ్చిమ తీరంలోని పాక్-12 కూడా ఆపేసింది. అంతకు మూడు రోజుల ముందు మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్, ఒక రోజు ముందు మౌంటెన్ వెస్ట్ ఆపేశాయి. ఇంకా ముందు, జులై 8న ఐవీ లీగ్. దక్షిణాదిలోని ఎస్‌ఈసీ, తూర్పు తీరం వెంట ఉన్న ఏసీసీ, మధ్యలోని బిగ్ 12 మాత్రం ఆడతామన్నాయి.

ఆ వారం వాతావరణాన్ని కాస్త ఊహించుకోండి. ఆగస్టు 10న అధ్యక్షుడు ట్రంప్, పిల్లలు ఇంత కష్టపడ్డాక సీజన్ రద్దు చేయకూడదని ట్వీట్ చేశారు. నెబ్రాస్కా రిపబ్లికన్ సెనేటర్ బెన్ సాస్, స్వయంగా ఒక యూనివర్సిటీకి ప్రెసిడెంట్‌గా పనిచేసిన మనిషి, ఆపవద్దని బిగ్ టెన్ ప్రెసిడెంట్లకు లేఖ రాశారు. మర్నాడే వాళ్లు ఆపేశారు. అధ్యక్షుడు ఒద్దన్నది మర్నాడే చేశారంటే అది ఆయన మీద కోపంతోనేనని చాలామంది అనుకున్నారు. ఆటలు లేని శనివారాలు అధికారంలో ఉన్నవాళ్లకు చెడ్డపేరు తెస్తాయి, ఎన్నికల్లో అది డెమోక్రాట్లకు పనికొస్తుంది అన్నది ఆ వాదన.

ఆ వాదనను కొట్టిపారేయకుండా నిజంగా పరీక్షించాలి. నేను రెండు రకాల రాజకీయాన్ని విడదీసి చూస్తాను. ఒకటి చెయ్యి. అంటే ఫలానా నాయకుడు లేదా పార్టీ ఒత్తిడి పెట్టింది, అది లేకపోతే నిర్ణయం వేరుగా ఉండేది. రెండోది గాలి. ఎవరూ ఫోన్ చేయకపోయినా, తమ చుట్టూ ఉన్న జనం వైరస్‌కు ఎంత భయపడుతున్నారు, మాస్కు గురించి ఏమనుకుంటున్నారు అన్నది నిర్ణయం తీసుకునేవాళ్ల మీద పడుతుంది. 2020 అమెరికాలో ఆ భయం కూడా పార్టీలవారీగా చీలిపోయింది. ఈ రెంటినీ కలిపేస్తే, అన్నిట్లోనూ రాజకీయముంది అనేసి ఇంటికి పోవచ్చు. నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు.

చెయ్యి కోసం వెతికితే

కోర్టు కాగితాల వల్ల ఓటు లెక్క బయటపడింది: వాయిదాకు 11, ఆడాలని 3. ఆ ముగ్గురు ఒహాయో స్టేట్, అయోవా, నెబ్రాస్కా. మూడూ రిపబ్లికన్ గవర్నర్లున్న రాష్ట్రాలే. "చూశారా!" అంటారు తరగతిలో. ఆగండి. బిగ్ టెన్‌లో రిపబ్లికన్ గవర్నర్లున్న రాష్ట్రాలు అయిదు. మిగతా రెండు ఇండియానా, మేరీలాండ్. అక్కడి మూడు యూనివర్సిటీలూ వాయిదాకే ఓటేశాయి. అందులో పర్డ్యూ ఉంది. దాని ప్రెసిడెంట్ మిచ్ డేనియల్స్, 2005 నుంచి 2013 వరకు ఇండియానాకు రిపబ్లికన్ గవర్నర్‌గా పనిచేసిన నాయకుడు. ట్రంప్‌ను ఇబ్బంది పెట్టడానికే ఈ ఓటు అనేవాళ్లు ముందు డేనియల్స్ ఓటుకు కారణం చెప్పాలి. నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

రెండో పరీక్ష నాకు మరీ ఇష్టం. ఒకే రాష్ట్రం, రెండు గ్రౌండ్లు. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ బిగ్ టెన్‌లో ఉంది, పిట్స్‌బర్గ్ ఏసీసీలో ఉంది. ఇద్దరికీ గవర్నర్ ఒకరే, డెమోక్రాట్ టామ్ వుల్ఫ్. సెప్టెంబర్ 12న పిట్స్‌బర్గ్ ఆడింది, పెన్ స్టేట్ ఇంట్లో కూర్చుంది. ఇండియానాలో నోటర్‌డామ్, ఆ ఒక్క ఏడాదికి ఏసీసీలో చేరి, అదే రోజు డ్యూక్‌తో ఆడింది. అదే రాష్ట్రంలోని ఇండియానా, పర్డ్యూ ఆడలేదు. అయోవాలో అయోవా స్టేట్ ఆడింది, అయోవా ఆడలేదు. గవర్నర్ చెయ్యే నడిపించి ఉంటే ఒకే రాష్ట్రంలో రెండు ఫలితాలు ఎలా వస్తాయి? ఏసీసీ రాష్ట్రాల్లో నార్త్ కరొలైనా, వర్జీనియా, న్యూయార్క్ గవర్నర్లు అందరూ డెమోక్రాట్లే. అక్కడి టీమ్‌లు ఆడాయి.

గాలి సంగతి వేరు. దేశం పటం ముందు పెట్టుకుని చూస్తే, ఆడతామన్న ఎస్‌ఈసీ, బిగ్ 12 రాష్ట్రాల్లో ఎక్కువ రిపబ్లికన్ చేతిలో ఉన్నాయి. ఆపేసిన పాక్-12 రాష్ట్రాలు ఆరింటిలో నాలుగు డెమోక్రాట్లవి. ఇది కాకతాళీయం అనలేను. మిసిసిపీలో ఒక ప్రెసిడెంట్ సీజన్ ఆపితే సాయంత్రానికి ఇంటి ముందు జనముంటారు. కాలిఫోర్నియాలో ఆడిస్తే జనముంటారు. ఆ లెక్క వాళ్ల మనసుల్లో లేదని ఎలా అంటాం? నా తీర్పు మాత్రం ఇది: ఆగస్టు 11 నిర్ణయం మీద గాలి వీచింది, చెయ్యి పడలేదు.

డాక్టర్లు ఏమన్నారు

ఆ వారం గదిలో బలంగా వినిపించిన మాట గుండె గురించి. కోవిడ్ తర్వాత గుండె కండరం వాపు, మయోకార్డైటిస్ అంటారు, వస్తోందన్న వార్తలు జులై చివర్లో ఎక్కువయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కోలుకున్న 100 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 78 మందిలో గుండెకు సంబంధించిన మార్పులు కనిపించాయని ఒక అధ్యయనం జులై 27న వచ్చింది. దానిలోని గణాంకాల తప్పులను తర్వాత సరిదిద్దారు. కానీ నిర్ణయం తీసుకున్న రోజున ఆ సవరణ ఎవరి చేతిలోనూ లేదు. బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ ఆటగాడు ఎడ్వార్డో రొడ్రిగేజ్ అదే కారణంతో సీజన్ మొత్తం ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల పిల్లాడు గ్రౌండ్‌లో కుప్పకూలితే ఆ ప్రెసిడెంట్ జీవితాంతం ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? పీడీలుగా మనకు ఈ భయం కొత్త కాదు. పరుగు పందెంలో పిల్లాడు కూలబడిన క్షణం చూసిన ఎవరైనా ఆ ప్రెసిడెంట్లను తేలిగ్గా తీసిపారేయలేరు.

పరీక్షల సంగతి కూడా చూడాలి. అప్పటికి ల్యాబ్‌కు పంపే పరీక్షల ఫలితం చాలాచోట్ల రోజులు పట్టేది. శుక్రవారం తీసిన శాంపిల్ జవాబు సోమవారం వస్తే శనివారం మ్యాచ్‌కు దానితో పనేముంది? పైగా ఆ వారమే విద్యార్థులు క్యాంపస్‌లకు తిరిగొస్తున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. నార్త్ కరొలైనా యూనివర్సిటీ తెరిచిన వారానికే, ఆగస్టు 17న, డిగ్రీ తరగతులను ఆన్‌లైన్‌కు మార్చేసింది. మర్నాడు మిషిగన్ స్టేట్, విద్యార్థులను ఇళ్ల దగ్గరే ఉండమంది.

మరో కోణం మన తరగతుల్లో ఎవరూ తీసుకురారు, నేనే తీసుకొస్తాను. ఆ ఆగస్టులో ఆటగాళ్లు కూడా సంఘటితమవుతున్నారు. ముందు పాక్-12 పిల్లలు, ఆగస్టు 5న వెయ్యి మందికి పైగా బిగ్ టెన్ పిల్లలు, ఆరోగ్య భద్రత కోసం డిమాండ్లతో బహిరంగ లేఖలు విడుదల చేశారు. ఆగస్టు 10 నాటికి ఆడాలనుకునేవాళ్లు, భద్రత కోరేవాళ్లు ఒకే ప్రకటనలో కలిసి, ఆటగాళ్ల సంఘం కావాలన్నారు. అప్పట్లో కూలి ఇవ్వని ఆ ఆటలో సంఘం అనే మాట యాజమాన్యాలకు ఎంత టెన్షన్ తెస్తుందో చెప్పక్కర్లేదు. అది వాయిదాకు కారణమని రుజువు లేదు. కానీ రాజకీయమంటే ట్రంప్, బైడెన్ మాత్రమే అనుకునేవాళ్లు ఇది చూడాలి. అధికారం ఎవరి దగ్గర ఉండాలన్న పోరు కూడా రాజకీయమే.

కారణం చెప్పకపోవడం

నా దృష్టిలో బిగ్ టెన్ చేసిన పెద్ద తప్పు వాయిదా కాదు, దాన్ని చెప్పిన పద్ధతి. ఆగస్టు 11న ఓటు లెక్క చెప్పలేదు. వైద్య నివేదిక బయటపెట్టలేదు. ఏ పరిస్థితి వస్తే మళ్లీ ఆడిస్తామో రాయలేదు. ఆ తర్వాత గందరగోళం ఎంతదాకా పోయిందంటే, అసలు ఓటింగ్ జరిగిందో లేదో తనకు స్పష్టంగా తెలియదని పెన్ స్టేట్ అథ్లెటిక్ డైరెక్టర్ విలేకరుల ముందే అన్నారు. మిన్నెసోటా ప్రెసిడెంట్ కూడా అది ఓటింగ్ లాంటిది కాదన్నట్టే మాట్లాడారు. నెబ్రాస్కా కోచ్ అయితే వాయిదాకు ముందురోజే, వేరేచోటైనా ఆడతామన్నారు. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో టీమ్ ఆటను నడిపించే ఆటగాడు) జస్టిన్ ఫీల్డ్స్ పెట్టిన పిటిషన్‌కు మూడు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఇల్లినాయిలో కాన్ఫరెన్స్ ఆఫీసు ముందుకు తల్లిదండ్రులు వచ్చి నిలబడ్డారు.

ఆగస్టు 19న వారెన్ ఒక బహిరంగ లేఖ రాశారు. ఓటు అత్యధికంగా వాయిదాకే పడిందని, దీన్ని తిరిగి పరిశీలించబోమని అందులో ఉంది. ఆ రెండో మాట ఎందుకు రాశారో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆధారాలు రోజూ మారుతున్న రోగం విషయంలో, మళ్లీ చూడబోమని ఎలా అంటారు? వైద్యమే కారణమైతే, వైద్యం మారినప్పుడు మళ్లీ చూస్తాం అనాలి. అలా అనకపోవడంతో, వైద్యం పైకి చెప్పే సాకేనని అనుమానించేవాళ్లకు బలం వచ్చింది. ఆగస్టు 27న ఎనిమిది మంది నెబ్రాస్కా ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. 11–3 అన్న అంకె బయటికి వచ్చింది ఆ కేసులో కాన్ఫరెన్స్ దాఖలు చేసిన కాగితాల వల్లే. మొదటి రోజే చెప్పి ఉంటే ఇరవై రోజుల రచ్చ తగ్గేది.

ఈ గుట్టు ఇంకా లోతుకు పోయింది. ఆ రోజుల్లో ప్రెసిడెంట్లు ఒకరికొకరు రాసుకున్న ఈమెయిళ్లను వాషింగ్టన్ పోస్ట్, మన ఆర్‌టీఐ లాంటి చట్టాల కింద తీసుకుని ప్రచురించింది. ఈ చర్చంతా కాన్ఫరెన్స్ పోర్టల్‌లోకి మార్చుకుందామని ఒకరు సూచించడం, పంపిన మెయిల్‌ను డిలీట్ చేస్తే బయటపెట్టాల్సిన బాధ్యత తప్పుతుందా అని మరొకరు అడగడం అందులో కనిపించాయి. ప్రజల డబ్బుతో నడిచే యూనివర్సిటీలివి. ఈ సంగతి చదివినప్పుడల్లా ఆ పిల్లల తరఫున నాకు కోపం వస్తుంది. నా తీర్పుకు ఒక హద్దు కూడా ఇక్కడే ఏర్పడుతుంది: బయటికి వచ్చిన కాగితాల్లో చెయ్యి కనబడలేదు అనగలను కానీ, కాగితాలన్నీ బయటికి వచ్చాయని అనలేను.

సెప్టెంబర్ ఫోన్ కాల్

సెప్టెంబర్ 1న ట్రంప్, వారెన్‌తో ఫోన్‌లో మాట్లాడారు. వెంటనే, బిగ్ టెన్ ఫుట్‌బాల్‌ను మొదలుపెట్టడం మీద మంచి చర్చ జరిగిందని, గోల్‌కు ఒక్క గజం దూరంలో ఉన్నామని ట్వీట్ చేశారు. బైడెన్ ప్రచారం వాళ్లు ఖాళీ స్టేడియాల బొమ్మలు వేసి, ఈ పరిస్థితికి ట్రంపే కారణమన్నారు. సెప్టెంబర్ 6న ట్రంప్ మళ్లీ, మిషిగన్, ఇల్లినాయి, మేరీలాండ్ గవర్నర్ల వల్ల ఆ రాష్ట్రాలు సీజన్‌కు దూరమవుతాయేమోనన్నారు. ఆ ముగ్గురిలో మేరీలాండ్ గవర్నర్ ఆయన పార్టీవాడే. ఆ వారంలోనే మిషిగన్ స్పీకర్‌తో కలిపి ఆరు రాష్ట్రాల రిపబ్లికన్ శాసనసభ్యులు వారెన్‌కు లేఖ రాశారు. మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, మిన్నెసోటా, ఒహాయో, అయోవా: బిగ్ టెన్ పటం, ఆ ఎన్నికల్లో పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల పటం చాలాచోట్ల కలుస్తాయి. నాయకులు దీన్ని వదులుతారా?

సెప్టెంబర్ 16న ప్రకటన వచ్చింది. ఏకగ్రీవంగా ఆడిస్తున్నాం, అక్టోబర్ 23–24 వారాంతంలో మొదలు. రెండు వారాల తర్వాత క్లీవ్‌లాండ్‌లో జరిగిన మొదటి అధ్యక్ష చర్చలో, బిగ్ టెన్ ఫుట్‌బాల్‌ను తెచ్చింది తానేనని ట్రంప్ అన్నారు. క్లీవ్‌లాండ్ ఒహాయోలో ఉంది.

మరి నిజంగా ఆయనే తెచ్చారా? 11–3 నుంచి 14–0 కావాలంటే పదకొండు మంది మనసు మారాలి. వాళ్లలో చాలామందికి ట్రంప్‌ను సంతోషపెట్టాల్సిన అవసరమేమీ లేదు. ఆయన పేరు చర్చలో వస్తే అది మైనస్సే అయింది, ఇది రాజకీయం కావడం ఎవరికీ ఇష్టం లేదు అని ఒక యూనివర్సిటీ ప్రెసిడెంట్ పేరు చెప్పకుండా ఎన్‌బీసీ వార్తా సంస్థతో అన్నారు. ప్రెసిడెంట్ల మండలికి అధ్యక్షుడైన నార్త్‌వెస్టర్న్ ప్రెసిడెంట్ మార్టన్ షపీరో, తన వరకు రాజకీయ ఒత్తిడి, డబ్బు, కేసులు కారణం కాదని, వైద్యనిపుణుల ఏకాభిప్రాయమే కారణమని చెప్పారు. ఆయన మాట నిజమే అనుకున్నా, నార్త్‌వెస్టర్న్ ప్రైవేట్ యూనివర్సిటీ అన్నది మరచిపోకూడదు. మిగతా పదమూడూ రాష్ట్ర శాసనసభల నుంచి నిధులు తీసుకునేవి. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలో గవర్నర్లు డెమోక్రాట్లయినా శాసనసభలు రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. లేఖ రాసినవాళ్లే బడ్జెట్ మీద ఓటేసేవాళ్లు. అందుకే సెప్టెంబర్‌లో చెయ్యి అసలు లేదని నేను అనను. చెయ్యి తలుపు మీద ఉంది. తలుపు తెరిచింది మాత్రం వేరే శక్తులు.

ఆ శక్తుల్లో మొదటిది పరీక్ష. ఆగస్టు 26న అబాట్ కంపెనీ చవకైన, పావుగంటలో ఫలితమిచ్చే యాంటిజెన్ పరీక్షకు అనుమతి వచ్చింది. సెప్టెంబర్ 3న పాక్-12, రోజువారీ పరీక్షల కోసం క్విడెల్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దీంతో బిగ్ టెన్ వైద్యుల బృందం కొత్త పద్ధతి రాసింది. ప్రతి ఆటగాడికి రోజూ పరీక్ష. పాజిటివ్ వస్తే గుండెకు ఎంఆర్‌ఐతో సహా పరీక్షలు, మ్యాచ్‌కు కనీసం 21 రోజులు దూరం. టీమ్ పరీక్షల్లో పాజిటివ్ రేటు 5 శాతం, బృందం మొత్తంలో సోకినవాళ్లు 7.5 శాతం, ఈ రెండూ దాటితే ఆట, ప్రాక్టీస్ బంద్. ఇది బలమైన కారణమే. కానీ నిజాయితీగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదటి యాంటిజెన్ పరీక్షకు అనుమతి మేలోనే వచ్చింది, మారింది లభ్యత. ఇక గుండె భయం తగ్గిందా? లేదు. ఒహాయో స్టేట్ డాక్టర్లే 26 మంది ఆటగాళ్లకు ఎంఆర్‌ఐ తీసి, నలుగురిలో మయోకార్డైటిస్ లక్షణాలు చూశామని ప్రచురించింది సెప్టెంబర్ 11న, అంటే ప్రకటనకు అయిదు రోజుల ముందు. రోగం గురించి భయం అలాగే ఉంది, దాన్ని పట్టుకోగలమన్న ధైర్యం పెరిగింది. ఆ ధైర్యం సరైనదేనని తర్వాత తేలింది. బిగ్ టెన్‌లో కోవిడ్ సోకిన 1,597 మంది ఆటగాళ్ల గుండెల ఎంఆర్‌ఐ ఫలితాలు 2021లో వచ్చాయి, 37 మందిలో మయోకార్డైటిస్ కనిపించింది, అంటే 2.3 శాతం. అందులో లక్షణాలతో బయటపడినవాళ్లు 9 మందే. మిగతావాళ్లను పట్టుకుంది ఎంఆర్‌ఐ.

రెండోది డబ్బు. ఫుట్‌బాల్ లేకపోతే 100 మిలియన్ డాలర్ల దాకా నష్టమని విస్కాన్సిన్ అథ్లెటిక్ డైరెక్టర్ బహిరంగ లేఖలో రాశారు. అయోవా యూనివర్సిటీ నాలుగు ఆటలనే తీసేస్తున్నట్టు ఆగస్టు 21న ప్రకటించింది: పురుషుల జిమ్నాస్టిక్స్, పురుషుల టెన్నిస్, పురుషుల, మహిళల స్విమ్మింగ్. ఫుట్‌బాల్ టీవీ డబ్బుతోనే అక్కడ మిగతా ఆటలు చాలావరకు బతుకుతాయి.

మూడోది పక్కవాళ్లు ఆడటం, దానికి పెద్దగా వివరణ అక్కర్లేదు. సెప్టెంబర్ 12 శనివారం పిట్స్‌బర్గ్, నోటర్‌డామ్, అయోవా స్టేట్ టీవీలో ఆడుతున్నాయి. మర్నాడు ఆదివారం వైద్యుల బృందం ప్రెసిడెంట్ల ముందు కూర్చుంది.

ఎవరి కోసం ఫోన్ మోగింది

ఖమ్మం నుంచి వచ్చిన ఒక మేడమ్, ఆమె కూడా పీడీనే, ఒకసారి తరగతి మధ్యలో అడిగారు: "సార్, ఆగస్టులో ఆగింది ఫుట్‌బాల్ ఒక్కటేనా?" ఈ కేసులో నేను సరిగా చూడని చోటు అదే. ఆగినవాటిలో మహిళల వాలీబాల్, సాకర్, ఫీల్డ్ హాకీ, క్రాస్ కంట్రీ కూడా ఉన్నాయి. సెప్టెంబర్ 16 ప్రకటనలో తిరిగొచ్చింది ఫుట్‌బాల్ మాత్రమే. వైద్యం ఒక్కటే కారణమైతే, మనిషికి మనిషి తగలకుండా ఆరుబయట పరుగెత్తే క్రాస్ కంట్రీ ముందు రావాలి కదా? రోజువారీ పరీక్షలకు డబ్బు ఫుట్‌బాల్‌కే ఉంది అని దానికి జవాబు. నిజమే. అయితే ఆ జవాబుతోనే, వైద్యమొక్కటే కారణమన్న మాట పోతుంది. ట్వీట్లు, కోర్టు కేసులు, మూడు లక్షల సంతకాలు, శాసనసభ్యుల లేఖలు, టీవీ ఒప్పందాలు అన్నీ ఒకే ఆట చుట్టూ ఉన్నాయి. వాలీబాల్ అమ్మాయిలు 2021 జనవరి దాకా ఆగారు. విస్కాన్సిన్ అమ్మాయిలు ఆ ఆలస్యపు సీజన్‌లో ఏప్రిల్ దాకా ఒక్క మ్యాచ్ ఓడిపోకుండా జాతీయ సెమీఫైనల్‌కు వెళ్లారు. వాళ్ల కోసం ఏ పార్టీ వాళ్లూ ఫోన్ చేయలేదు. మా వాలీబాల్ కుర్రాడు గుర్తొచ్చి ఆ రోజు తరగతి కాస్త ముందే ఆపేశాను. ఆ మేడమ్ ప్రశ్నను అప్పటి నుంచి నా నోట్స్‌లో మొదటి పేజీలో పెట్టుకున్నాను.

డిసెంబర్ 9

ఇక సీజన్ ఎలా సాగిందో వివరంగా చెప్పను. మొదటి వారమే గెలిచిన విస్కాన్సిన్ టీమ్‌లో కోవిడ్ వ్యాపించి, కోచ్‌కు కూడా సోకి, నెబ్రాస్కాతో రెండో మ్యాచ్ రద్దయింది. 1918 నుంచి ఏటా ఆగకుండా జరిగిన ఒహాయో స్టేట్–మిషిగన్ మ్యాచ్ ఆ డిసెంబర్‌లో జరగలేదు. నేను తరగతిలో ఎక్కువసేపు నిలిచేది డిసెంబర్ 9 దగ్గర.

సీజన్ మొదట్లో కాన్ఫరెన్స్ ఒక రూల్ పెట్టుకుంది: కనీసం ఆరు మ్యాచ్‌లు ఆడితేనే టైటిల్ మ్యాచ్‌కు అర్హత. మిషిగన్ మ్యాచ్ రద్దవడంతో ఒహాయో స్టేట్ అయిదు దగ్గర ఆగిపోయింది. రూల్ ప్రకారం టైటిల్ మ్యాచ్‌కు ఇండియానా వెళ్లాలి. వాళ్లు ఏడు ఆడి ఆరు గెలిచారు, ఓడింది ఒహాయో స్టేట్ చేతిలోనే. కానీ జాతీయ ప్లేఆఫ్‌కు వెళ్లే అవకాశం, దానితో వచ్చే డబ్బు, పేరు, ఒహాయో స్టేట్‌కే ఉన్నాయి. మిషిగన్ మ్యాచ్ రద్దు ప్రకటించిన మర్నాడే కాన్ఫరెన్స్ ఆ రూల్ తీసేసింది. డిసెంబర్ 19న ఒహాయో స్టేట్ 22–10తో నార్త్‌వెస్టర్న్‌ను ఓడించి, జాతీయ ఫైనల్ దాకా వెళ్లి అలబామా చేతిలో 52–24తో ఓడింది.

అప్పటికి ఎన్నికలు అయిపోయి నెల దాటింది. ఏ అధ్యక్షుడూ ఫోన్ చేయలేదు, ఏ గవర్నర్ పేరూ వినబడలేదు, ఏ కోర్టులోనూ కేసు లేదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో అయిదు వారాలు పట్టిన మనసు మార్పు డిసెంబర్‌లో ఒక్క రోజులో జరిగింది. సెప్టెంబర్ ఫోన్ కాల్‌కు ఎంత బరువివ్వాలో తేల్చుకోవడానికి నేను వాడే తూకంరాయి ఈ తారీఖు. దీన్ని బోర్డు మీద రాసి, మొదట అడిగిన ప్రశ్న మళ్లీ అడుగుతాను. ఈసారి చేతులు ఎత్తమనను, కాగితం మీద కారణంతో సహా రాయమంటాను.